మా బావ, సేఫ్టీ కారు

మా ఊరి రేసు ట్రాక్ మీద అందరికంటే ముందు వెళ్లేది నేనే. అయినా ఇన్నేళ్లలో ఒక్క కప్పు కూడా ఇంటికి తెచ్చుకోలేదు. ఎందుకంటే నేను నడిపేది సేఫ్టీ కారు.

దాని సంగతి తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెప్తాను. రేసు మధ్యలో ఏ కారైనా రోడ్డుకి అడ్డంగా ఆగిపోతే, దాన్ని తీసేదాకా మిగతావాళ్లు దూసుకురాకుండా నేను బయల్దేరి, అందరికంటే ముందు చేరి, నెమ్మదిగా నడుపుతాను. నా వెనక ఎవరూ ఎవర్నీ దాటకూడదు. అడ్డు తొలగగానే నేను పక్కకి తప్పుకుంటాను, రేసు మళ్లీ మొదలవుతుంది. మంచి పనే. కానీ అరగంట చెమటోడ్చి పది పదిహేను సెకన్లు ముందుకెళ్లినవాడికి, నేను రాగానే ఆ సెకన్లన్నీ ఆవిరైపోతాయి. వెనకున్నవాళ్లంతా వచ్చి వాడి తోకకి తగులుకుంటారు. అందుకే ముందున్నవాడు నన్ను చూసి పళ్లు నూరతాడు, వెనకున్నవాడు చెయ్యి ఊపుతాడు. తర్వాతి రేసులో వాళ్ల స్థానాలు మారితే నూరేవాడూ ఊపేవాడూ కూడా మారిపోతారు.

నన్ను ట్రాక్ మీదికి పంపేది మా బావ, అంటే మా అక్క భర్త. వారంలో ఆరు రోజులు కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. రేసులున్న ఆదివారం ట్రాక్ పక్కనున్న టవరెక్కి, పన్నెండు తెరల ముందు కూర్చుని, వాకీటాకీ చేతబట్టి రేసు మొత్తం నడిపిస్తాడు. నేను వారమంతా డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ల పక్కన కూర్చుని “నెమ్మది, నెమ్మది” అని గొంతు చించుకుంటాను కాబట్టి, ఈ ఉద్యోగానికి నాకంటే అర్హుడు లేడని ఆయన అభిప్రాయం. బావ అన్నాక ఇలాంటి మాటలు అంటాడు, బావమరిది అన్నాక పడాలి.

ఈ ఏడు ఆయన నన్ను పంపిన కారణాలు చెప్తే మీరు నమ్మరు. ఒకసారి ప్లాస్టిక్ సంచి ఎగిరొచ్చింది. ఒకసారి చూడ్డానికొచ్చినవాళ్లలో ఎవరిదో టోపీ పడింది. ఇంకోసారి రెండు పావురాలు మూడో మలుపు దగ్గర రోడ్డు దాటుతున్నాయి. నేను వెళ్లేసరికి అవి దాటడం అయిపోయింది, గడ్డిలో నిలబడి నన్నే చూస్తున్నాయి. రేసుల్లో ఒక పళ్ల డాక్టరు ఉన్నాడు, మంచివాడే గానీ నోరు ఊరుకోదు. నేను కనిపిస్తే చాలు, ఇవాళ ఊరేగింపు ఎన్ని గంటలకండీ అని అడిగేవాడు. పైకి నవ్వేసేవాణ్ని గానీ లోపల మండేది. ఒకప్పుడు నేనూ రేసులు నడిపినవాణ్నే. అయినదానికీ కానిదానికీ సేఫ్టీ కారు పంపితే అది రేసు అనిపించుకోదు, బడిపిల్లల్ని వరసలో రోడ్డు దాటించడం అవుతుందని బావతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు.

ఎంత వాదించినా ఆయన జవాబు ఒక్కటే. మాటల్లో కూడా చెప్పడు, నా ఎడమకాలి వైపు చూస్తాడు. అక్కడితో నా నోరు మూతపడుతుంది.

ఇరవై ఏళ్ల కిందట మా ట్రాక్‌కి సేఫ్టీ కారు లేదు. ఏడో మలుపులో నా కారు గిర్రున తిరిగి నడిరోడ్డు మీద ఆగింది. అక్కడ జెండా ఊపుతున్నది బావే. ఆయన ఎంత ఊపినా వెనకొచ్చేవాడు చూసుకోలేదు, వచ్చి గుద్దేశాడు. నాలుగు నెలలు కాలికి కట్టుతో మంచం మీదున్నాను. నేను లేచి నడిచేలోపు బావ ఈ రేసులు జరిపే క్లబ్బువాళ్లందరి కాళ్లావేళ్లా పడి సేఫ్టీ కారు కొనిపించాడు. రేసులు మానేసిన నన్ను తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాడు. కాబట్టి ఆ కారు వద్దని నేను అనను. మరీ పావురాలక్కూడానా అన్నదే నా గొడవ.

ఇక మా మేనకోడలు. బావకి ఒక్కతే కూతురు, ఇరవై నాలుగేళ్లు, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని. చిన్నప్పుడు తనకంటే బరువైన పానాలు ఈడ్చుకుంటూ మా షెడ్డంతా తిరిగేదని దానికి చీమ అని పేరు పెట్టాను. రేసుల్లోకి వచ్చి మూడేళ్లయింది. బాగా నడుపుతుంది. మేనమామని కాబట్టి చెప్పడం లేదు, రోజుకి పదిమంది చేత స్టీరింగు పట్టించేవాణ్ని కాబట్టి చెప్తున్నాను. కానీ ఈ మూడేళ్లలో ఒక్క రేసూ గెలవలేదు. ఐదుసార్లు రెండో స్థానం, నాలుగుసార్లు మూడోది. గెలిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉంది మామయ్యా అని నాతో అనేది. వాళ్ల నాన్నతో అనేది కాదు.

ఈ ఏడు రేసుల ఐదో ఆదివారం నాడు ఆ ఒక్కసారీ వచ్చేసిందనుకున్నాం. ఇంకో ఆరు రౌండ్లే ఉన్నాయి, చీమ పళ్ల డాక్టరు కంటే పద్నాలుగు సెకన్లు ముందుంది. నేను కార్లు నిలిపే పిట్ చివర నా కారులో కూర్చుని, ఇవాళ నాకు పని లేకపోతే బాగుండునని కోరుకుంటున్నాను. అప్పుడు వాకీటాకీలో ఐదో మలుపు నుంచి లెక్కల మాస్టారి గొంతు వినిపించింది. మాస్టారు బడిలో రిటైరయ్యాక మా దగ్గర జెండా పట్టుకున్నారు. ఏ విషయమైనా విడమరిచి చెప్పడం ఆయనకి అలవాటు.

“టవర్, ఐదో మలుపు. బండి ఆగిపోయిందండీ. చక్రం ఊడిపోయింది. మనిషి దిగి పక్కన నిలబడ్డాడు, దెబ్బలేం తగల్లేదు. త్వరగా ఎవర్నైనా పంపండి.”

ఆ మాట పూర్తయ్యీ కాకముందే బావ నన్ను ట్రాక్ మీదికి వదిలేశాడు. నేను వెళ్లాను. చీమ వచ్చి నా వెనక చేరింది, దాని వెనక డాక్టరు, ఆయన వెనక మిగతా పదహారుమందీ. అందర్నీ వెంటేసుకుని ఐదో మలుపుకి వెళ్లి చూద్దును కదా, రోడ్డు అద్దంలా ఉంది. కంచె అవతల మట్టిదారిలో మాత్రం క్యాంటీన్ టీ బండి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. క్యాంటీన్ అతను ఊడిన చక్రం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు జెండా చంకలో పెట్టుకుని, అప్పటికే పోసుకున్న టీ కప్పుతో నాకు నమస్కారం చేశారు.

తప్పు ఎవరిదంటే ఏం చెప్తాం. మా ట్రాక్‌లో అన్నీ బండ్లే. రేసు కారు బండి, అంబులెన్సు బండి, ఆగిన కార్లని లాక్కెళ్లే ట్రాక్టరు బండి, చివరికి టీ అమ్మేది కూడా బండే. ఇన్నేళ్లూ ఏ బండో సందర్భాన్ని బట్టి అందరికీ అర్థమైపోయేది. బావ “ఏ బండి?” అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

పద్నాలుగు సెకన్లూ పోయాయి. నేను తప్పుకోగానే డాక్టరు మొదటి మలుపులోనే చీమని దాటేశాడు. అది రెండోదిగా వచ్చింది, ఆరోసారి. ఆ సాయంత్రమే వాకీటాకీలో బండి అనే మాట నిషేధించారు. కారుకైతే నంబరు చెప్పాలి, మిగతావాటికి పూర్తి పేరు చెప్పాలి. మాస్టారు దాన్ని ఎంతగా ఒంటబట్టించుకున్నారంటే, ఇప్పటికీ టీ కావాలంటే “టీ సరఫరా చేయు నాలుగు చక్రాల వాహనమును పంపగలరు” అని అడుగుతారు.

మర్నాడు సాయంత్రం అక్క నన్ను పిలిపించింది. తండ్రీకూతుళ్లు పొద్దుట్నుంచీ మాట్లాడుకోవడం లేదట. నేను వెళ్లేసరికి బావ సోఫాలో కూర్చుని, శుభ్రంగా ఉన్న కళ్లజోడునే మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాడు. చీమ డ్యూటీ బట్టల్లోనే భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. దాని ముందు అక్క రిజిస్టరు ఉంది. టవరులో బావ పక్కన కూర్చుని ప్రతి రౌండు టైమూ రాసేది అక్కే.

నేను కూర్చోకముందే మొదలుపెట్టాను. టీ బండి గురించి, పావురాల గురించి, మొత్తం కక్కేశాను. బావ కళ్లజోడు తుడుచుకుంటూనే విన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ నా కాలి వైపు చూశాడు. అప్పుడు చీమ రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది.

మా ట్రాక్ మీద రేసులున్న రోజున రెండు రేసులు జరుగుతాయి. పొద్దున పెద్ద కార్లవి, మధ్యాహ్నం చీమ నడిపే చిన్న కార్లవి. ట్రాక్ ఒక్కటే, మలుపులూ అవే, పెద్ద కార్లయితే ఇంకా వేగంగా వెళ్తాయి కూడా. ఈ ఏడు పెద్ద కార్ల రేసుల్లో నేను బయటికెళ్లింది రెండేసార్లు. చిన్న కార్ల రేసుల్లో పదకొండుసార్లు. కిందటేడూ అంతే, అంతకుముందేడూ అంతే. చీమ రేసుల్లోకి రాకముందు రెండింటికీ తేడా లేదు.

రెండు రేసుల్లోనూ కారు నడిపేది నేనే, అయినా ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. పక్కన కూర్చుని రాసిన అక్కకీ తట్టలేదు. అన్నిటికంటే, బావకి తట్టలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని వేలితో పైనుంచి కిందిదాకా చదివి, మళ్లీ తీసేశాడు.

“ట్రాక్ మీద పద్దెనిమిది కార్లుంటాయి నాన్నా,” అంది చీమ. “నీకు ఒక్కటే కనిపిస్తోంది.”

ఇక ఆ కుర్చీలో కూర్చోనని, వేరే ఎవరినైనా చూసుకోమని క్లబ్బువాళ్లకి చెప్పేస్తానని బావ అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండుననిపించింది. చీమ తల అడ్డంగా ఊపింది.

“దిగిపొమ్మనలేదు. ఆ పని నీకంటే బాగా ఎవరికీ రాదు. నేను లేని రేసుని ఎలా చూస్తావో, నేనున్న రేసునీ అలాగే చూడు. నాకు అంతే కావాలి.”

బావ రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. అక్క లేచి, ఇక భోజనానికి రండని అందర్నీ కేకేసింది. తింటున్నంతసేపూ నేనొక్కణ్నే వాగాను.

ఈ ఏటి రేసుల ఆఖరి ఆదివారం బాగా ఎండ కాసింది. చీమ మొదటి వరసలో నిలబడింది, పక్కనే డాక్టరు. బయల్దేరేముందు నేను వెళ్లి దాని హెల్మెట్ మీద తట్టాను. టవరు వైపు ఒకసారి చూసి కారెక్కింది.

ఆరో రౌండులో రెండు కార్లు గుద్దుకుని నడిరోడ్డు మీద ఆగాయి. బావ నంబర్లు అడిగాడు, మనుషులెలా ఉన్నారని అడిగాడు, ఆ వెంటనే నన్ను పంపాడు. అంతా కలిపి పది సెకన్లు పట్టి ఉండదు. రెండు రౌండ్లలో రోడ్డు ఖాళీ అయింది, నేను తప్పుకున్నాను. ఒక్కరూ గొణగలేదు. పంపాల్సినప్పుడు పంపితే ఎవరు మాత్రం ఏమంటారు.

ఆ తర్వాత చీమ, డాక్టరు ఒకరి తోక ఒకరు పట్టుకున్నట్టు నడిపారు. ముందు ఇదే, వెనక ఆయన. నాలుగు పదులు దాటిన మనిషి, పొద్దంతా జనం నోళ్లలోకి చూసి బతికేవాడు, అలా నడుపుతాడంటే నమ్మలేం. ప్రతి మలుపులో ముక్కు దూరుస్తున్నాడు, ప్రతి మలుపులో ఇది తలుపేస్తోంది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఇంకా ఒకటిన్నర రౌండు ఉందనగా రెండో మలుపు నుంచి కబురొచ్చింది. టైల్స్ కొట్టు నడిపే ఒకాయన కారు జారి, రోడ్డు పక్కన పరిచిన కంకరలోకి వెళ్లి కూరుకుపోయింది. నంబరు పదకొండు. రోడ్డుకి చాలా దూరంగా ఉంది. ఆయన దిగి గోడ వెనక్కి వెళ్లిపోయాడు.

నేను ఇంజను ఆన్ చేశాను. ఈసారి మాత్రం పిలుపు రావాలని నాకు మహా ఆత్రంగా ఉంది. ఎందుకో మీకు అర్థమైందా? ఇప్పుడు నేను బయటికెళ్తే మిగిలిన ఒకటిన్నర రౌండూ నా వెనకే అయిపోతుంది. ఎవరూ ఎవర్నీ దాటడానికి లేదు. ముందున్నది చీమ. ఏ సేఫ్టీ కారైతే ఇన్నిసార్లు దాని నోటి దగ్గరిది లాక్కుందో, అదే ఇప్పుడు దానికి గెలుపు తెచ్చి చేతిలో పెడుతుంది. పైగా తప్పు కూడా కాదు. కంకరలో కారు కూరుకుంటే ఈ ఏడంతా పంపాడు. పావురాలకి పంపినవాడు దీనికి పంపితే ఎవరూ నోరెత్తరు.

వాకీటాకీ పలకలేదు. నేను సిద్ధంగా ఉన్నానని చెప్పాను. అయినా పలకలేదు. ఏడాది పొడుగునా ఈ కారు మరీ ఎక్కువగా పంపుతున్నావని బావ ప్రాణం తీసిన నేను, సిగ్గు లేకుండా బతిమాలడం మొదలుపెట్టాను.

“బావా, చీమ ముందుంది. నన్ను వదిలితే ఇలాగే అయిపోతుంది.”

“తెలుసు,” అన్నాడు బావ. ఆ గొంతు ఆయనదిలా లేదు. “కారు దూరంగా ఉంది, మనిషి గోడ వెనకున్నాడు. రెండో మలుపులో జాగ్రత్తగా వెళ్లమని పసుపు జెండా ఊపితే చాలు. నువ్వు ఇంజను ఆపేయ్‌రా.”

ఆపేశాను. ఆపి, నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. వాకీటాకీ మీట నొక్కకుండానే తిట్టాను లెండి.

ఆఖరి రౌండు నాకు కనిపించలేదు. నేను కూర్చున్న చోటు నుంచి చివరి మలుపూ, గెలుపు గీతా మాత్రమే కనిపిస్తాయి. జనం అరుపుల్ని బట్టి వాళ్లెక్కడున్నారో ఊహించుకుంటున్నాను. తర్వాత రెండు కార్లూ ఒకేసారి మలుపు తిరిగి వచ్చాయి, పక్కపక్కన, డాక్టరు లోపలివైపు, చీమ బయటివైపు. బయటివైపు నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా వెనకపడతారు. అది పడలేదు. నా ముందు నుంచి వెళ్లేటప్పుడు ఎవరు ముందున్నారో నిజంగా నాకు తెలియలేదు. గీత దాటాక టవరు మీద నంబరు వెలిగింది. చీమది. సగం కారు పొడుగు తేడా.

నేను కారు దిగి పరిగెత్తాను. ఎడమకాలు కుంటుతున్నా పరిగెత్తాను. ఎవరెవర్ని కావలించుకున్నానో గుర్తులేదు గానీ వాళ్లలో లెక్కల మాస్టారొకరని తర్వాత తెలిసింది. ఆయన జెండా నా మెడకి చుట్టుకుపోయింది. డాక్టరు హెల్మెట్ తీసి, ఈ అమ్మాయికి పళ్లన్నీ ఉచితంగా కడతానని అరుస్తున్నాడు. దాని పళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి.

చీమ బహుమతుల దగ్గరికి వెళ్లలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని తిన్నగా టవరు మెట్లెక్కింది. దాని వెనక నేను, ఆయాసపడుతూ.

బావ తెరల ముందు లేడు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆఖరి రౌండు మొదలవగానే కుర్చీలోంచి లేచి అక్కడికి వెళ్లాడనీ, తెరల వైపు చూడనే లేదనీ అక్క కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. వాకీటాకీ ఇంకా బావ చేతిలోనే ఉంది.

“రెండో మలుపులో జెండా చూశాను,” అంది చీమ. “ఇంకేముంది, మామయ్య వచ్చేస్తాడు, గెలిచేశాననుకున్నాను. అద్దంలో చూసుకుంటూ కాస్త నెమ్మదించాను కూడా. అందుకే డాక్టరుగారు పక్కకి రాగలిగారు. ఎందుకు పంపలేదు నాన్నా?”

అవసరం లేదు కాబట్టి పంపలేదని చెప్తాడనుకున్నాను. నిజం కూడా అదే.

“భయమేసిందమ్మా,” అన్నాడు బావ. “మీరిద్దరూ పక్కపక్కన వస్తుంటే చచ్చేంత భయమేసింది. వేలు మీట మీదే ఉంది. అయినా నొక్కలేదు.”

మూడేళ్లుగా ఆయన నోట ఆ మాట ఎవరమూ వినలేదు. జాగ్రత్త అన్నాడు, నిబంధన అన్నాడు, నా కాలు చూపించాడు, భయం అని మాత్రం అనలేదు. బావని అంతగా మెచ్చుకోవాలనిపించిన రోజు నా జన్మలో లేదు.

చీమ ముందుకెళ్లి ఆయన చేతిలోంచి వాకీటాకీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని చేతి తొడుగులు ఇంకా వేడిగా ఉన్నాయట, బావ తర్వాత చెప్పాడు.

“అయితే ఆఖరి రౌండు నాకంటే నీకే కష్టమైంది నాన్నా,” అంది నవ్వుతూ. “పద, కిందికి వెళ్దాం. బహుమతుల దగ్గర మొదటి స్థానం మెట్టు ఎక్కేటప్పుడు నువ్వు దగ్గరుండాలి.”